మెచ్చుకోలు గిట్టని బాబాయి

మా బాబాయి ఎదుట ఇంకొకరిని మెచ్చుకోకూడదు. పొరపాటున పక్కింటి డాక్టరు హస్తవాసి మంచిదన్నామా, ఆ వారమంతా ఇంటిల్లిపాదికీ నాడి చూస్తాడు. ఒకసారి మా ఆవిడ దర్జీని పొగిడింది. మర్నాడే బాబాయి నా చొక్కా ఒకటి కుట్లు విప్పి మళ్లీ కుట్టాడు. దాంతో ఇప్పుడు కుర్చీలు తుడుస్తున్నాం.

అలాంటి మనిషికి, ఇల్లు మారడానికి ప్యాకర్స్ కంపెనీ వాళ్లని మాట్లాడామని చెప్పడం నా వంతైంది. అంతకుముందు బంధువుల్లో ఎవరు ఇల్లు మారినా సామాన్లు కట్టింది ఆయనే. ఆయన వేసిన ముడి బ్రహ్మ కూడా విప్పలేడు. మా మేనత్త ఇంట్లో ఆయన కట్టిన పెట్టె ఒకటి ఇప్పటికీ అటక మీదే ఉంది. అందులో ఏముందో ఆవిడ కూడా మరిచిపోయింది.

"వాళ్లకి తాడు కట్టడం వచ్చా?" అన్నాడు బాబాయి.

"టేపు అంటిస్తారు బాబాయ్."

"టేపా," అన్నాడు. ఆ సాయంత్రమే బజారుకెళ్లి కొత్త తాడు తెచ్చుకున్నాడు.

నా దిగులు వేరు. మా అమ్మకి చూపు పూర్తిగా పోయింది. అయినా పాత ఇంట్లో గోడ తడుముకోకుండా తిరిగేది. ఎవరైనా చెయ్యందిస్తే విసుక్కునేది. ఇల్లు మారుతున్నామని తెలిసినప్పటి నుంచి మాత్రం ఆవిడకి ముద్ద దిగడం లేదు.

"అక్కడ మంచినీళ్లు తాగాలన్నా ఒకరిని పిలవాలి కదరా," అంది.

"నేనున్నాగా అమ్మా."

"అదేరా నా బాధ."

బాబాయి ఇదంతా వింటూనే అమ్మ గదిలో తాడుతో కుస్తీ పట్టేవాడు. మంచం కోడు నుంచి బల్లకీ, బల్ల నుంచి గుమ్మానికీ తాడు లాగి ముళ్లు వేసేవాడు. కంపెనీ మీద కసితో సాధన చేస్తున్నాడనుకుని నవ్వుకున్నాం.

ప్యాకర్స్ వాళ్లు వచ్చారు. వాళ్ల మేస్త్రీ మితభాషి, చెయ్యి మాత్రం చురుకు.

"గాజు గ్లాసుల్ని చంటిపిల్లల్ని చుట్టినట్టు చుట్టారండీ," అంది మా ఆవిడ.

బాబాయి మొహం మాడిపోయింది. "అంత చుట్టాలా? అవేమన్నా చలికి వణుకుతున్నాయా?" అన్నాడు.

కొత్త ఇంట్లో వాళ్లు అమ్మ మంచం కిటికీ పక్కన వేశారు. గాలి హాయిగా వస్తోంది. "భలే సర్దారయ్యా," అన్నాను, నోరు ఊరుకోక. అంతే, బాబాయి అందరినీ బయటికి గెంటి తలుపు వేసుకున్నాడు. లోపల మంచం ఈడ్చిన చప్పుడు, బల్ల ఈడ్చిన చప్పుడు.

"ఏమనుకోకు. ఆయన ఎవరి పనినీ ఓర్వలేడు," అన్నాను మేస్త్రీతో.

"ప్రతి ఇంట్లో ఒకరుంటారు సార్," అన్నాడతను.

తలుపు తెరిచాక చూస్తే మంచం గది నడిమధ్యకి వచ్చింది. బీరువా కిటికీకి సగం అడ్డం.

"ఇదేం సర్దడం బాబాయ్?"

ఆయన వంగి, నేల మీద పరిచిన ముళ్ల తాడు చుట్టుకుంటున్నాడు.

అమ్మని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. కాసేపటికి దాహమేసి, అలవాటు కొద్దీ లేచింది. పట్టుకోబోయాను. బాబాయి వెనక నుంచి నా చొక్కా లాగాడు. అమ్మ తిన్నగా నడిచి వెళ్లి, బల్ల మీద కూజా అందుకుని, గ్లాసులో నీళ్లు వంపుకుని తాగింది. పాత గదిలో మంచానికీ బల్లకీ ఎంత ఎడముందో ఇక్కడా అంతే ఉంది. ఆ ముళ్లు దేనికో నాకప్పుడు తెలిసింది.

అమ్మ మొహం విప్పారింది. "ఈ కంపెనీ వాళ్లెవరో గానీ ఎంత పనిమంతులురా. నా గదిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టారు," అంది.

నోరు తెరవబోయాను. బాబాయి నా కాలు తొక్కాడు. తన కోసం ఇంట్లోవాళ్లు ఇంత అవస్థ పడ్డారని తెలిస్తే వదిన నొచ్చుకుంటుందని ఆయనకి తెలుసు. కానీ ఆ మొహం చూడాలి, గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది.

"అవును వదినా. మంచి పనివాళ్లు," అన్నాడు.

ఆ మాట అన్నాక అక్కడ నిలవలేక చరచరా మెట్లు దిగిపోయాడు. నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. కాసేపాగి, పనివాళ్లని సాగనంపడానికి నేనూ కిందికి వెళ్లాను. లారీ వెనక తలుపు ముళ్ల తాడుతో బిగించి కట్టేసి ఉంది, పనివాళ్లు ఎక్కలేక కిందే నిలబడ్డారు. మేస్త్రీ గోళ్లతో ఒక ముడి గీకి గీకి, నా వైపు తిరిగాడు.

"సార్, ఒక కత్తి ఉంటే ఇస్తారా?"