అప్పన్న పేరులో ఎన్ని పీలు

మొన్న ఫిజీలోని నవువాలో ఒక ఇంటి వరండాలో అందరూ కలిసి తాగే యంగోనా, మా వాళ్ళ మాటలో గ్రాగ్, కలిపారు. తడిసిన వేరు పొడి మట్టివాసన, కొబ్బరి చిప్ప అందుకునే ముందు ఎవరో కొట్టిన ఒక్క చప్పట. ఆ చప్పుడుకి నాకు సువాలోని మా పత్రికాఫీసు, అందులో సర్వర్ల గది, సరోజినక్క గుర్తొచ్చారు.

అక్క మా నెట్‌వర్క్ ఇంజనీరు. నాలాగే గిర్మిట్, అంటే ఒప్పందం కాగితం మీద చెరకు తోటలకు వచ్చిన కూలీల సంతతి. ఆమె రాకముందు మా ఫోటోలు, నేను సబేటో, సావుసావు ఊళ్ళు తిరిగి రికార్డు చేసిన వృద్ధుల తెలుగు మాటలు ఒకే కంపెనీ నిల్వ పెట్టెలో ఉండేవి. ఆ కంపెనీ మూతపడింది. పెట్టె చెడిపోయింది. దాని భాష మరే యంత్రానికీ తెలియదు. బూజు పట్టబోతున్న కాసెట్లు కొన్నే మిగిలాయి. అప్పటికి కన్నుమూసిన మా తాత గొంతు వాటిలో ఒకటి.

మళ్ళీ ఒకే కంపెనీ సరుకు కొందామన్నారు సంపాదకుడు. అక్క ఒక్క కాగితం మీద వేరే పటం గీసింది. అందరికీ ఒకటే నిల్వ, దాన్ని చేరడానికి రెండు దారులు. పెట్టె ఒకరిది, అన్నిటినీ కలిపే స్విచ్చులు ఇంకొకరివి, సర్వర్లు మరొకరివి. వాటి మధ్య భాష మాత్రం ఎవరైనా చదువుకోగల ప్రమాణాల ప్రకారం ఉండాలి.

"నాకు ఎక్కలేదక్కా."

"గ్రాగ్ తాగుతావు కదా? ఏ ఊరు పోయినా ముందు ఒక చప్పట్, తాగినాక మూడు. గిన్నె ఎవరిదని అడుగుతారా? ఆ చప్పట్లే స్టాండర్డ్. ఈ డబ్బావాలా పోతే ఇంకోడు వస్తాడు, బస్."

లోపలికి రానివ్వాల్సిన సర్వర్ల పేర్లు పెట్టెలో ముందే రాసి ఉంచాలి. సర్వర్లకు మా తాతల పేర్లు పెట్టించింది. అన్నీ బిగించాక, మా తాత పేరున్న నా సర్వర్‌ను పెట్టె రానివ్వలేదు. మూడు రోజులు అంతే.

"సరోజినీ, ఫ్రైడే తక్. ఫిర్ ఏక్ హీ కంపెనీ కే డబ్బా లేగా," అని సంపాదకుడు గడువు పెట్టేశారు. శుక్రవారం దాటితే మళ్ళీ అంతా ఒకే కంపెనీ సరుకే.

"అక్కా, నీ పెట్టెలకి చప్పట్ కొట్టడం రాదేమో!" అన్నాడు ప్రెస్సు ఫోర్మన్.

అక్క ఒక్క తీగ కూడా మార్చలేదు. యంత్రాలు ఒకదానికొకటి పంపుకుంటున్న మాటలను తెర మీద అక్షరం అక్షరం చదువుతూ కూర్చుంది. అంత ఓపిక నేను వార్తల గదిలో ఎన్నడూ చూడలేదు. శుక్రవారం మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"తమ్ముడూ, సర్వర్ మీద తాత పేరు నువ్వే కొట్టినావా? ఎన్ని పీలు?"

"ఒకటే. మా నాన్న ఎప్పుడూ అలాగే రాసేవాడు."

అక్క పడీపడీ నవ్వింది. "నేను ఆయన ఓడెక్కినప్పటి గిర్మిట్ పాసు చూసి పెట్టెలో రెండు రాసినా. అవి చప్పట్ బాగానే కొట్టినాయిరా. మనమే పేరు తప్పు పిలిచినాం."

"ఏది దిద్దుదాం?"

"ఆయన్నే అడుగు."

కాసెట్ పెట్టింది. గరగరల మధ్య నుంచి తాత అన్నాడు: "నా పేరు అప్పన్న."

"రెండు పీలు, రెండు ఎన్‌లు," అంది అక్క. ఓడరేవు గుమాస్తా ఒక ఎన్ మింగేశాడు, మా నాన్న పీని కూడా మింగేశాడు. రెండు చోట్లా ఆమె తాత పలికినట్టే కొట్టింది. నా సర్వర్ లోపలికి వెళ్ళింది.

అక్క ఇప్పుడు లేదు. పెట్టె రెండుసార్లు మారింది, రెండుసార్లూ వేరే కంపెనీదే. తాత అందులో ఇంకా తన పేరు చెబుతూనే ఉన్నాడు. నవువా వరండాలోనూ ఆ ఇంటి పెద్దావిడతో, "ముందు మీ పేరు చెప్పండమ్మా," అన్నాను. కలం ఆ తర్వాతే తీశాను.