అంటించిన కవరుతో జగ్గయ్యపేటకు

మా చర్చి సంఘంలో ఒకమ్మాయి క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరతానని, ఎలా వెళ్లాలో చెప్పమని అడిగింది. దారి చెప్పబోయి, ఎనభైల మొదట్లో నేను పడ్డ తిప్పలన్నీ చెప్పేశాను. అప్పట్లో జగ్గయ్యపేట శివార్లలో, రెండు పెంకుటిళ్లలో ఒక చిన్న బైబిలు కళాశాల నడిచేది. అక్కడ చేరాలంటే మన పాస్టరుగారు స్వయంగా రాసి, అంటించి ఇచ్చిన ఉత్తరం తీసుకెళ్లాలి. కవరు విప్పినట్టు కనిపిస్తే సీటు మాటే ఉండదు. నాకు మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వ్యూ. ఉత్తరం ఇంకా చేతికి రాలేదు.

పొద్దున్న ఏడింటికల్లా నందిగామలో మా పాస్టరు అయ్యగారింటికి వెళ్లాను. వారం నుంచీ రేపు రాసిస్తానంటున్న మనిషి ఇంట్లో లేడు. "చందర్లపాడులో జ్ఞాపకార్థ కూటం ఉంది బాబూ, తెల్లారకముందే సైకిలేసుకుని వెళ్లారు" అన్నారు అమ్మగారు. ఒళ్లు మండింది. చందర్లపాడు వెళ్లే ఎనిమిదింటి బస్సు తొమ్మిదికి వచ్చింది. అదీ దారిలో ఒక రైతు మిరపనారు కట్టలు ఎక్కించేదాకా ఆగింది. కాస్త త్వరగా పోనివ్వమన్నాను.

"నారు వాడిపోతే ఆయనకి పంటే ఉండదండి. మీరు కాసేపు కూర్చోండి" అన్నాడు డ్రైవరు.

చందర్లపాడులో భర్త పోయిన ఒక పెద్దావిడ ఇంట్లో కూటం జరుగుతోంది. నన్ను చూసి అయ్యగారు, "కూర్చో అబ్బాయ్, అయ్యాక రాస్తా" అన్నారు. పాటలు, వాక్యం, మళ్లీ పాటలు. పన్నెండు దాటింది. అంతా లేచాక ఆ పెద్దావిడ నా దగ్గరకొచ్చింది.

"దైవసేవకి వెళ్తున్నావంటగా నాయనా. నాకోసం రెండు మాటలు ప్రార్థన చేసి వెళ్లు."

"బస్సుకి టైమైపోతోందండి. అయ్యగారు చేశారుగా" అన్నాను.

ఆవిడ తలూపి పక్కకు జరిగింది. అయ్యగారు అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాల్లో ఉత్తరం రాసి, అన్నం మెతుకులతో కవరు అంటించి ఇచ్చారు. ఐదు నిమిషాల పనికి నా పూటంతా తిన్నారు.

మళ్లీ నందిగామ వచ్చి, హైవే మీద బస్సు పట్టుకుని, జగ్గయ్యపేట దాకా నిలబడే వెళ్లాను. కళాశాల చేరేసరికి మూడుంబావు. ప్రిన్సిపాలుగారు కవరు చించి చదివి, కాగితం నా చేతికే ఇచ్చారు.

"ఇతనికి చదువులో లోటు లేదు. దుఃఖంలో ఉన్నామె ప్రార్థన అడిగితే బస్సు టైము చెప్పాడు. ఒక ఏడాది నాతో ఊళ్లు తిరగనివ్వండి. ఆపైన నేనే పంపుతాను."

నా సీటు పోగొట్టే కాగితాన్ని నలగకుండా చొక్కాలో దాచి, నేనే మోసుకొచ్చాను. "వచ్చే ఏడు రండి. భోజనం చేశారా?" అన్నారు ప్రిన్సిపాలుగారు. ఆ రెండో మాటకు ఇంకా మండింది.

వెళ్లదలచినవారికి ఒకటే చెబుతాను. ఉత్తరం వారం ముందే చేతికి తెచ్చుకోండి, ఇంటర్వ్యూ రోజుకు పెట్టుకోకండి. నేను ఆ ఏడాదంతా అయ్యగారి సైకిలు వెనక వీరులపాడు దాకా తిరిగాను, మరుసటి ఏడు సీటూ వచ్చింది. ముఖాన చెప్పాల్సింది కవరులో పెట్టి పంపారన్న కోపం మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చందర్లపాడులో ఆ ఇంటికి మళ్లీ వెళ్లినప్పుడు, ఈసారి ఎంతసేపైనా కూర్చుందామనుకున్నాను. పెద్దావిడ మజ్జిగ ఇచ్చింది, మా అమ్మానాన్నల గురించి అడిగింది. నేను లేచి బయల్దేరినా ప్రార్థన చెయ్యమని మాత్రం అడగలేదు.