వదిన ఫోను గొంతు

మా వదినకి రెండు గొంతులున్నాయి. ఒకటి ఇంటి గొంతు. వంటింట్లోంచి "ఉప్పు డబ్బా ఎవరు తీశారే?" అని అడిగిందంటే పై అంతస్తు వాళ్ళు కూడా తమ ఉప్పు డబ్బా ఉందో లేదో చూసుకుంటారు. రెండోది ఫోను గొంతు. గీజర్లు అమ్మే ఒక కంపెనీ కోసం ఇంట్లోనే కూర్చుని ఫిర్యాదులు వింటుంది. హెడ్‌ఫోన్ తగిలించుకోగానే తేనె కారుతుంది. "నమస్కారమండీ, చెప్పండి, మీకేం సాయం చేయగలను?" మొదటిసారి విన్నప్పుడు గదిలో ఇంకెవరో ఉన్నారేమోనని తొంగిచూశాను. నేనామె ఆడపడుచుని. అదే గదిలో ఓ మూల కూర్చుని కిటికీ పరదాలు కుడతాను. కాల్ వస్తే కుట్టుమిషన్ ఆపేస్తాను.

నవ్వుతూ మాట్లాడితే గొంతులో నవ్వు వినబడుతుందని కంపెనీవాళ్ళు నేర్పారట. అందుకని వదిన కంప్యూటర్ పక్కన చేతి అద్దమొకటి నిలబెట్టుకుంది. అందులో తన నవ్వు తానే చూసుకుంటూ మాట్లాడుతుంది. నేను కూర్చునే చోటికి ఆమె వీపు కనబడుతుంది, అద్దంలో ఓ ముక్క మొహం కనబడుతుంది.

మా అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఒకరోజు లిఫ్టు కింద గుంతలో దొరికిందంటూ కుక్కపిల్లని చొక్కాలో చుట్టి తెచ్చాడు. వదిన ఇల్లెగిరిపోయేలా అరిచింది. అరుస్తూనే పాలు కాచి, చల్లార్చి, దాని ముందు పెట్టింది. పిడుగు అని పేరు పెట్టింది కూడా ఆమే.

అది పేరు నిలబెట్టుకుంది. బెల్లు మోగినా, కుక్కర్ కూసినా, నా కత్తెర కిందపడినా ఒకటే మొరుగుడు. ఆ మొరుగుడు రెండుసార్లు కాల్‌లో రికార్డయింది. సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసి తేల్చేసింది. "మేడమ్, ఇంకోసారి కుక్క వినబడితే కష్టం. కుక్కో, ఉద్యోగమో మీరే చూసుకోండి."

అన్నయ్య ఒక్కడి జీతంతో ఇల్లు గడవదు. ఆ సంగతి అతనికీ తెలుసు. కంచం ముందునుంచి లేచి వెళ్ళి పిడుగు పక్కన కూలబడ్డాడు. వదిన కాసేపు చూసి, "లేవయ్యా, తిను. దానికి బుద్ధి నేను నేర్పుతా" అంది.

నేర్పడం మొదలైంది. తలుపు పక్కన నా పాత పరదా ఒకటి మడతపెట్టి వేశాం. బెల్లు మోగితే పిడుగు అక్కడికెళ్ళి పడుకోవాలి. వదిన "కూర్చో!" అని గద్దిస్తే నాకే కూర్చోవాలనిపించేది. పిడుగు మాత్రం ఆటకి పిలిచారనుకుని ఆమె మీదికి ఎగిరేది. ఆమె అరిచేకొద్దీ దానికి పూనకం.

ఒకరోజు కాల్ మధ్యలో బెల్లు మోగింది. పిడుగు మొరగడానికి నోరు తెరిచింది. వదిన అరవడానికి లేదు, అవతల కస్టమర్ ఉన్నాడు. అరచేయి కిందికి చూపిస్తూ, అదే తేనె గొంతుతో, "దయచేసి ఒక్క క్షణం అలాగే ఉండండి" అంది. పిడుగు నోరు మూసింది. వెళ్ళి పరదా మీద పడుకుంది. నేను సూది పట్టుకుని అలాగే నిర్ఘాంతపోయాను.

ఇక అదే పాఠం. ఫోను గొంతు, కిందికి దించిన అరచేయి, మాట వింటే ఉడికించిన గుడ్డు ముక్క. "కూర్చోండి. చాలా సంతోషం. అలాగే పడుకోండి." అన్నయ్య తలుపు దగ్గర నిలబడి నోరు వెళ్ళబెట్టాడు.

"దానికి కూర్చోండీ, పడుకోండీనా? నన్నెప్పుడైనా అలా అన్నావుటే?"

"నువ్వెప్పుడైనా చెప్పిన మాట విన్నావుటయ్యా?"

కొన్నాళ్ళకి బెల్లు మోగితే పిడుగు తనంతట తానే పరదా దగ్గరికి నడిచేది. గండం గడిచిందనుకున్నాం.

తర్వాత ఒక మధ్యాహ్నం కాల్ వచ్చింది. నేను మిషన్ ఆపాను. "అయ్యో, మీకు ఇబ్బంది కలిగినందుకు క్షమించండి" అంటోంది వదిన, ఎప్పటిలాగే తియ్యగా. పరదా మీదున్న పిడుగు లేచింది. బెల్లు మోగలేదు, ఏ చప్పుడూ లేదు. వెళ్ళి ఆమె మోకాళ్ళ దగ్గర నిలబడి సన్నగా మూలిగింది. మొరిగిందంటే అంతే సంగతులు. వదిన అరచేయి దించింది. అది వినలేదు. ఆమె ఒళ్ళో తల దూర్చింది. దాని మెడకి తగిలి హెడ్‌ఫోన్ తీగ ఊడిపోయింది.

అవతలి గొంతు కంప్యూటర్లోంచి గదంతా నిండింది.

"నవ్వుతున్నావా? నవ్వు. నీ మొగుడి పక్కన కూడా ఇలాగే నవ్వుతావా? నిన్న అడిగినదానికి ఇవాళైనా జవాబు చెప్పు. లైన్ కట్ చేశావో, నీ ఉద్యోగం ఊడగొడతా."

నిన్న? నిన్న కూడా నేనిక్కడే ఉన్నాను. ఇదే మూల, ఇదే కుర్చీ. తేనె గొంతు వింటూ హాయిగా పరదా అంచు మడిచాను. అద్దంలోకి చూశాను. వదిన పెదాలు నవ్వుతున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎన్నాళ్ళుగా ఇది? పక్కనే ఉన్న నాకు తెలియలేదు, మాటలు రాని కుక్కకి తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

వదిన పిడుగు తల మీద చేయి వేసింది. చూపు అద్దం మీదినుంచి తిప్పేసింది.

"ఒరేయ్!" అంది ఇంటి గొంతుతో. కిటికీ అద్దాలు అదిరాయి. "నీ గీజరు కాలిపోను! ఇంకొక్క కూత కూశావంటే నీ ఇంటికొచ్చి నీ వాళ్ళందరి ముందూ నిన్ను చాకిరేవు పెడతా! పెట్టేయ్ ఫోను!"

పెట్టేశాడు.

పిడుగు ఒళ్ళు విదిలించుకుని నెమ్మదిగా పరదా మీదికెళ్ళి పడుకుంది. ఆ అరుపుకి ఎగరలేదు, గెంతలేదు.

అంతలోనే ఫోన్ మోగింది. సూపర్‌వైజరమ్మ. "మేడమ్, ఇప్పుడు మీ కాల్‌లో ఏదో పెద్ద అరుపని చూపిస్తోంది, నేనింకా వినలేదు. మళ్ళీ మీ కుక్కేనా?"

అవునంటే కుక్కని వదిలించుకుంటే చాలు, ఉద్యోగం మిగులుతుంది. వదిన పరదా వైపు చూసింది.

"కుక్క కాదండీ. అది నోరు మెదపలేదు. అరిచింది నేనే. రికార్డు మొదటినుంచీ వినండి, నిన్నటిది కూడా వినండి."

విన్నారు. ఆ నంబరుని ఆపేశారు. అయినా అరిచినందుకు వదినని వారం రోజులు పనిలోంచి పక్కన పెట్టారు. ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు. అన్నయ్యకి చెప్తే అతని మొహం పాలిపోయింది. వెళ్ళి వదిన పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు వదిన మళ్ళీ కాల్స్ తీసుకుంటోంది. ఆమె తియ్యగా మాట్లాడితే చాలు, పిడుగు తలెత్తి ముందు ఆమె మొహం చూస్తుంది. నేనూ అద్దంలోకి చూస్తాను. నిన్న అన్నాల వేళ, "రండి, అన్నం తిందాం" అంది మెత్తగా. పిడుగూ నేనూ ఒకేసారి ఉలిక్కిపడి ఆమెకేసి చూశాం.

"ఏంటే ఆ చూపులు? కంచాలు తియ్యి!" అని అరిచింది.

హమ్మయ్య అనుకుని కంచాలు తీశాను. పిడుగు వెళ్ళి పరదా మీద పడుకుంది.