నా కిడ్నీలో లేని రాయి

సహోదరులారా, సహోదరీలారా, దేవుడు చేసిన మేలుకు సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్లు తల ఎత్తుకుని నిలబడడం మీరు చూసి ఉంటారు, నేను మాత్రం మన పత్రికకు ఈ నాలుగు మాటలూ తల దించుకునే రాస్తున్నాను, ఎందుకంటే ప్రభువు నన్ను విడిపించింది నా నోటితో నేనే పుట్టించిన ఒక రాయి నుంచి! నేను కోయంబత్తూరులో మోటార్లకు కాయిల్ చుట్టే చిన్న వర్క్‌షాపు నడుపుకునే మనిషిని, తమిళ బడిలో చదివి, మా అవ్వ ఒళ్లో బైబిలు పెట్టుకుని వేలితో చూపిస్తే తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, కనుక రాతలో తప్పులుంటే మన్నించండి, బతుకులోని తప్పులు అంతకంటే పెద్దవి.

మాకు పెళ్లయి పదకొండేళ్లయినా బిడ్డ లేదు. ఆ పదకొండేళ్లూ లోకంలోని కళ్లన్నీ నా భార్య ఎస్తేరు కడుపు మీదనే! మదురైలో ఆమె పుట్టింటి తాలూకు చుట్టాలు ఎవరింట్లో సీమంతం చేసినా, గర్భిణికి గాజులు తొడగడానికి ఆడవాళ్లందరినీ పేరు పెట్టి పిలిచేవాళ్లు, ఎస్తేరు పేరు దగ్గరికి వచ్చేసరికి పిలిచేవాళ్లకు ఎక్కడ లేని దగ్గు వచ్చేది, ఆమె మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది, వాళ్లమ్మ, అంటే మా అత్త, గోడకు తిరిగి కళ్లు తుడుచుకునేది. నేనేం చేసేవాణ్ణి? మొదటి పంక్తిలో కూర్చుని, మూడోసారి పాయసం వడ్డించమని అడిగేవాణ్ణి.

చివరికి ఆర్.ఎస్. పురంలో ఒక సంతాన చికిత్స ఆస్పత్రికి వెళ్లాము. ఇద్దరికీ పరీక్షలు చేయాలని డాక్టరమ్మ అంటే, "నాకెందుకమ్మా, నేను పది హార్స్ పవర్ మోటారును ఒంటి చేత్తో ఎత్తేవాణ్ణి" అన్నాను. అసలు ఎత్తింది రెండు హార్స్ పవర్ మోటారు, అదీ ఇద్దరు పట్టుకుంటే! వారం తర్వాత రిపోర్టులు వచ్చాయి. ఎస్తేరుకు ఏ లోపమూ లేదు. లోపం నాది. వీర్యకణాలు చాలా తక్కువ, ఐవీఎఫ్ చేస్తేనే ఆశ ఉంది అని డాక్టరమ్మ ఎంతో మెత్తగా చెప్పింది, ఆ మెత్తదనానికే నేను కుర్చీలో కుంచించుకుపోయి బొటనవేలంత అయ్యాను. తర్వాత ఖర్చు చెప్పింది, అది వినేసరికి ఆ బొటనవేలూ మిగల్లేదు. ఒక్క ప్రయత్నానికి నా ఏడాది సంపాదన కావాలి, అది నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

స్కూటరు మీద ఇంటికి వచ్చి గేటు దగ్గర దిగగానే ఎస్తేరు, "మామా, ఇద్దరం కలిసి చేసుకుందాం. సంఘంలో ఉండేది ఉండినట్టు చెప్పి ప్రార్థన అడుగుదాం," అంది. మా ఇళ్లలో భర్తను మామా అనే పిలుస్తారు.

"అడిగేది నేను చూసుకుంటా, నువ్వు ఊరుకో," అన్నాను.

ఆదివారం సంఘం ముందు లేచాను, నోరు తెరిచాను, నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? కిడ్నీలో రాయి ఉంది, ఆపరేషనుకు ఖర్చవుతుంది, ప్రార్థించండి అని! పాస్టరు అయ్యగారు ఎంత రాయి అని అడిగితే శనగగింజంత అన్నాను, బయట చెప్పుల దగ్గర ఇంకొకరు అడిగేసరికి అది చింతగింజంత అయింది, వీధిలోకి వచ్చేసరికి నిమ్మకాయంత అయింది. ఇంకో నాలుగు అడుగులు వేసి ఉంటే రుబ్బురోలంత అయ్యేది!

మన సంఘం ప్రేమ నాకు శిక్షలాగా వచ్చి పడింది. అందరూ కవర్లలో కానుకలు పెట్టి ఇచ్చారు. వీధి మూల ఇడ్లీలు అమ్ముకునే మార్తమ్మవ్వ కొంగుముడి విప్పి, ఇడ్లీ పిండి అంటిన నోట్లు నా చేతిలో పెట్టింది. ఆపైన రాళ్లకు మందు అని ప్రతి ఇంటి నుంచీ అరటి దవ్వ రసం! పొద్దున ఒక చెంబు, సాయంత్రం రెండు చెంబులు, నోయ్యల్ నది ఎండిపోయిన ఆ నెలల్లో నా కడుపు మాత్రం నిండుగా పారింది, మేట్టుపాళయం తోటల్లో అరటి చెట్లన్నీ నన్ను చూసి వణికి ఉంటాయి. లేని రాయికి తాగిన రసం కదా, అయినా ప్రతి చెంబూ ఖాళీ చేసి, నొప్పి కాస్త తగ్గింది అనేవాణ్ణి.

ప్రతి శుక్రవారం ఇంటి ప్రార్థన కూడికలో మార్తమ్మవ్వ ఒక చేయి నా వీపు మీద, ఒక చేయి ఎస్తేరు తల మీద పెట్టేది. "ప్రభువా, వీని రాయి కరిగించు, ఈ పిల్ల కడుపులో ఉండే లోపం తీసెయ్యి," అని ఏడ్చేది. అందరూ ఆమెన్ అనేవాళ్లు. సహోదరులారా, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నవాణ్ణి నేనే! నా భార్య తల దించుకుని నా లోపాన్ని తన నెత్తి మీద మోస్తూ ఉంటే, నేను పక్కన నిలబడి ఆమెన్ అన్నాను.

మొదటి విడత సూదిమందులు కొనాల్సిన రోజు ఎస్తేరు ఆ కవర్లన్నీ తెచ్చి నా ముందు పెట్టింది.

"రాయి పేరు చెప్పి తెచ్చిన దుడ్డు ఇది. దీంతో కొనిన సూది నా ఒంట్లోకి వద్దు మామా."

"సూదికి తెలుస్తాదా ఏ దుడ్డో?"

"నాకు తెలుస్తాది. రేపు బిడ్డ పుడితే, ఎత్తుకునేటప్పుడంతా నీకు ఏం జ్ఞాపకం వస్తాది చెప్పు?"

నేను ఆ కవర్లన్నీ ఏరి మళ్లీ సంచిలో పెట్టేశాను. అంతలో సంఘ పెద్దలు, ఆపరేషను ఎప్పుడో చెప్తే ఫ్లాస్కులతో ఆస్పత్రికి వస్తామని కబురు పంపారు. భయంతో నేను రెండో అబద్ధం ఆడాను, ప్రార్థన ఫలించింది, రాయి కరిగిపోయింది, ఇక ఆపరేషను అక్కర్లేదు అని! వాళ్ల సంతోషం చూడాలి! ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పమన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. రాయి కరిగిన గడియ దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసలో దేవసహాయం మామ నడుం పట్టుకుని లేచాడు. మిల్లులో పని చేసి రిటైరైన పెద్దాయన, నన్ను తమిళంలో మాపిళ్ళా, అంటే అల్లుడా, అని పిలుస్తాడు, ఆయనకు నిజంగానే కిడ్నీలో రాయి ఉంది.

"మాపిళ్ళా! రేపు నాకు ఆపరేషను. నీకు కరిగించిన దేవుడు నాకు కరిగించడా? నేను ఆస్పత్రికి పొయ్యేది లేదు!"

అందరూ హల్లెలూయా అన్నారు. ఆయన భార్య మాత్రం నా ముఖంలోకే చూసింది. "తడవు చేస్తే కిడ్నీయే పోతుందని డాక్టరు చెప్పినాడే అయ్యా... నిజంగా నీకు కరిగిందా?" అంది.

అప్పుడు నేను అక్కడే మోకరించాను. "ప్రభువా, ఈ ఒక్క మాట చెప్పే ధైర్యం ఇవ్వు, తర్వాత నన్ను ఏమైనా చెయ్యి," అన్నాను. లేచి చెప్పాను. "మామా, మీరు రేపు తప్పక పోవాలి. నాకు రాయి లేదు, ఎప్పుడూ లేదు. మాకు బిడ్డ లేనిది నా వల్ల. ఎస్తేరులో ఏ లోపమూ లేదు. ఆ చికిత్సకు దుడ్డు కావాల్సి వస్తే, సిగ్గుపడి మీకు రాయి అని చెప్పినాను."

మొదట నోరు తెరిచింది మార్తమ్మవ్వే. "ఇన్ని వారాలు నా ప్రార్థనను ఏ ఇంటికి తోలితివిరా పాపిష్టోడా!" అంది. తర్వాత చేతికర్ర పక్కన పడేసి, తడబడుతూ ఎస్తేరు దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ పట్టుకుని, "అమ్మిణీ, లోపం లోపం అని నిన్నే కదా అంటిని, నన్ను క్షమించు తల్లీ," అని ఏడ్చింది. ఎస్తేరు కూడా ఏడ్చింది. మా పెళ్లయ్యాక ఆమె నలుగురిలో ఏడవడం అదే మొదటిసారి.

దేవసహాయం మామ మరునాడు ఆపరేషను చేయించుకున్నాడు, ఆయన మంచం పక్కన కూర్చుంది నేనే, దేవుని కృపవల్ల బాగున్నాడు. కవర్లన్నీ తెచ్చి అయ్యగారి బల్ల మీద పెట్టాను. కొందరు తమవి వెనక్కి తీసుకున్నారు, అది న్యాయమే, వాళ్లలో ఇద్దరు ఇంకా నాతో మాట్లాడరు, అదీ న్యాయమే. మిగిలినవాళ్లు, ఈసారి దాని అసలు పేరుతో ఇస్తున్నామని, మళ్లీ ఎస్తేరు చేతికి ఇచ్చారు, నా చేతికి కాదు! చాలనిదానికి స్కూటరు అమ్మాను, ఆస్పత్రివాళ్లు వాయిదాలకు ఒప్పుకున్నారు.

ఒక్క పని మిగిలింది. ఇద్దరం బస్సెక్కి మదురై వెళ్లి, మా అత్త ముందు, ఆమె చెల్లెళ్ల ముందు అంతా చెప్పాను. అత్త నా వైపు తిరిగింది. "పరీక్షకు పొయ్యేదానికి పదకొండేళ్లా మాపిళ్ళా?" అని మాత్రం అడిగింది. కథలు కట్టడంలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడు, అయినా ఈసారి కథ కట్టలేదు, "సిగ్గుపడినానత్తా, తప్పు నాదే," అన్నాను.

మొదటి ప్రయత్నం నిలవలేదు. ఆ మాట విన్న రోజు ఆస్పత్రి మెట్ల మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఏడ్చాము. రెండోది వచ్చే నెల. బిడ్డ పుట్టాక రాయకూడదా అని అయ్యగారు అడిగారు, వద్దయ్యా అన్నాను, అప్పుడు రాస్తే నేను బిడ్డ వెనకాల దాక్కుంటాను. ప్రభువు బిడ్డనిస్తే ఆయనకు స్తోత్రం, ఇవ్వకపోయినా నా భార్య నెత్తి మీది బరువు దింపినందుకు ఆయనకే స్తోత్రం!

ఇది చదువుతున్న సహోదరుడా, నీ భార్య ఈ రోజు ఏదో ఒక ఆస్పత్రి బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంటే, ఈ పత్రిక మడిచి లేచి వెళ్లు. పరీక్షలకు రాసే ఆస్పత్రి చీటీలో నీ పేరు కూడా రాయించు. సిగ్గుతో చస్తావని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ చావలేదు, ప్రభువు నన్ను చావనివ్వలేదు. ఆమె పక్కన కూర్చో. ఆయన అప్పటికే అక్కడ కూర్చుని ఉంటాడు.