చల్లారేదాకా ఆగిన బండి

లోరె హేగెలె పొద్దున్న లేచి పొయ్యి వెలిగించక ముందే పిల్లలిద్దరి జోళ్లు తీసి, వెనక గుమ్మం దగ్గర, బయటికి తిరిగి ఉండేట్టు పెట్టేది. లేసులు వదులుగా ఉంచేది, కాళ్లు దూరిస్తే చాలు. పిల్లలు పెద్దవాళ్లై ఊరు విడిచాక అదే చోట తన జోళ్లు పెట్టడం మొదలుపెట్టింది. మా ప్రార్థన కూటంలో ఆమెను దాని గురించి ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

ఆమె భర్త ఆయ్‌గెన్ రంపపు మిల్లులో మేస్త్రీ. పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు బండ్లు తీయొద్దన్న చలికాలం దాటగానే, పెట్రోలు ఎక్కువ తాగే వేగపు కార్లంటే జనం భయపడుతుంటే, పంతానికి కొన్నాడు ఆ తెల్ల బండిని. మేం భోజనానికి ముందు దేవుడికి దండం పెట్టుకున్నట్టు అతను దాని లెక్కలు చెప్పేవాడు: రెండు లీటర్ల ఇంజిను, నూట డెబ్బై గుర్రాల శక్తి, గంటకి రెండు వందల పది కిలోమీటర్లు. బండి మూతి మీద టర్బో అన్న మాట తిరగేసి రాసి ఉండేది, ముందుపోయేవాడు తన అద్దంలో చదువుకుని పక్కకి తప్పుకోవాలని.

లోరె ఒకసారి మా వంటింట్లో చెప్పింది, ఆ బండీ ఆయనా ఒకటేనని. చాలాసేపు ఏమీ ఉండదట. ముసలి ఎద్దులా నడుస్తుందట. ఉన్నట్టుండి వెనకనుంచి ఎవరో తన్నినట్టు లేస్తుందట.

అతను లేచిన రోజుల్లో పళ్లేలు గోడకు తగిలి పగలడం మాకు వినిపించేది. కుర్చీ కాలు విరిచి కొట్టాడు ఒకసారి. మరోసారి ఆమె మణికట్టు తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. పోలీసాయన వచ్చి, బండి చుట్టూ తిరిగి చూసి, మలుపుల్లో ఎలా నిలబడుతుందని అడిగి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. చెయ్యి మెడకు కట్టుకుని లోరె గుమ్మంలోనే నిలబడి ఉంది.

అయితే ఆ బండికి ఒక నియమం ఉంది. గట్టిగా తోలి వచ్చాక వెంటనే ఆపకూడదు. పొగతో తిరిగే టర్బో చక్రం ఎర్రగా కాలి ఉంటుంది, నూనె ఆడుతుండగానే చల్లారాలి, లేకపోతే పాడైపోతుంది. ఇంట్లో దేన్నీ లెక్కచేయని మనిషి దీన్ని మాత్రం ఏనాడూ తప్పలేదు. ఇంజిను నడుస్తుంటే వాకిట్లో బండిలోనే కూర్చునేవాడు. ఆ కాసేపట్లో పిల్లలు జోళ్లలో కాళ్లు దూర్చి మా ఇంటికి వచ్చేసేవాళ్లు. మధ్యనున్న గేటు చప్పుడు చేయకుండా మా పక్కింటి గాట్‌లోబ్ తాత దాని మడతబందులకి కొవ్వు రాసి ఉంచేవాడు, ఎవరూ చెప్పకుండానే. నేను పాలు వెచ్చగా ఉంచేదాన్ని. లోరె మాత్రం వచ్చేది కాదు. తను కూడా లేకపోతే పిల్లల్ని వెతుక్కుంటూ వస్తాడని.

కిందటి చలికాలం మిల్లులోనే గుండె ఆగి పోయాడు. బండి కొట్టంలో ఉండిపోయింది. అది కళ్ల ముందున్నంతకాలం నాకు నిద్రపట్టదు, ఎలాగైనా పోవాలి అంది లోరె.

ఉల్మ్ నుంచి హాన్నో ఫైల్ అనే ఆయన కొనడానికి వచ్చాడు. మర్యాదస్తుడు, గుమ్మంలో కాళ్లు తుడుచుకున్నాడు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంటేనే కొంటానన్నాడు. ఇంజిను నంబరు, సీట్ల గుడ్డ, గాలి ఒత్తిడి ముల్లు అన్నీ చూశాడు. టర్బో కూడా మొదటిదే అని తెలిసి మొహం విప్పారింది. అలాంటిది ఇప్పుడు దొరకదట. చివరికి తోలేవాడి పక్క సీటు వైపు వచ్చి, తలుపు అద్దం మూలనున్న తయారీ సంవత్సరం గుర్తు దగ్గర ఆగాడు.

"హేగెలె గారూ, ఈ ఒక్క అద్దం తర్వాతిదండీ. ఎందుకు మార్చారు?"

"నా తల తగిలి పగిలింది. జుట్టు పట్టుకుని కొట్టాడు." లోరె అద్దం వైపు చూడలేదు. "తల మాత్రం అప్పటిదే. మార్చలేదు."

ఆయనకి నవ్వాలో లేదో తెలియలేదు. ఆ అద్దాన్ని చేత్తో మెల్లగా తుడిచాడు. అద్దం అలాగే ఉండనీయండి, ఒక్కసారి తోలి చూసి తీసుకుంటాను అన్నాడు.

కొండ రోడ్డు మీద ఇంజిను అరుపు మాకు వినపడింది. తిరిగి వచ్చి వాకిట్లో ఆపి, ఆ నియమం తెలిసినవాడు గనక, ఇంజిను నడుస్తుంటే అలాగే కూర్చున్నాడు.

తన వంటింట్లో నా పక్కన కూర్చున్న లోరె లేచింది. వెనక గుమ్మం దాకా వెళ్లి, వంగి, లేని చిన్న జోళ్ల కోసం నేల తడిమింది. నేను పిలిచాను. వినలేదు. తర్వాత నిటారుగా నిలబడి, వాకిట్లోకి నడిచి, బండి కిటికీ మీద చెయ్యి వేసింది.

"బాబూ, దానికి దెబ్బ తగులుతుందని నాకూ తెలుసు. ఈ ఒక్కసారికి చల్లారనివ్వకండి. ఇప్పుడే ఆపెయ్యండి."