నీడర్‌బాఖ్ క్లబ్బు పాత పుస్తకం చదివిన మనిషి

నా భార్య రాజ్యశ్రీ గురించి చెప్పాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆమె ఏం చదివిందో పెళ్ళయిన ఆరేళ్ళ దాకా నేను సరిగ్గా కనుక్కోలేదు. తిరుపతిలో ఎమ్మే చరిత్ర అని మాత్రం తెలుసు. శాసనాల మీద తడి కాగితం పరిచి నకళ్ళు తీసేదనీ, అరిగిపోయిన అక్షరాలు పోల్చుకోవడం నేర్చుకుందనీ తెలియదు. తెలిసినా, దాంతో ఏ ఉద్యోగం వస్తుందని అడిగి ఉండేవాణ్ణి. నా బుర్ర అంతే.

2020 మార్చిలో కరోనా మొదలై, జర్మనీలో ఎష్‌బోర్న్‌లోని మా ఆఫీసు మూసేసి ఇంటి నుంచి పని చెయ్యమన్నారు. ఇల్లంటే నీడర్‌బాఖ్ అనే చిన్న ఊళ్ళో హెర్ బెండర్ అనే పెద్దాయన గరాజు పైన రెండు గదులు. ఉన్న ఒక్క బల్లా నేను ఆక్రమించాను. కీటా, అంటే చిన్నపిల్లల బడి, మూసేశారు కాబట్టి నాలుగేళ్ళ ఈషా కూడా ఇంట్లోనే. నేను కాల్‌లో ఉండగా వంటింట్లో గిన్నె మోగితే చాలు, కసురుకునేవాణ్ణి. పిల్ల కూడా నేర్చేసుకుంది. "లైజే, మమ్మా. పాపా మీటింగ్" అని తల్లికే నోటి మీద వేలు చూపించేది. రాజ్యశ్రీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది.

కిటికీలోంచి కనిపించేది ఊరి ఫుట్‌బాల్ మైదానం. గేటుకి గొలుసు, గొలుసుకి ప్లాస్టిక్ కవర్లో నోటీసు. ఆ క్లబ్బు జిల్లా లీగు దాటి పైకి వెళ్ళిన పాపాన పోలేదు. ఆదివారాలు పాల బండి నడిపేవాడూ, మంగలీ, బడిపంతులూ కలిసి ఆడి, ఓడి, బీరు తాగి వెళ్ళేవారు. దానికి అధ్యక్షుడు మా ఇంటి ఓనరు బెండరే. 2021కి క్లబ్బుకి నూరేళ్ళు. ఇక్కడ ఎంత చిన్న సంఘమైనా నూరేళ్ళు నిండితే చరిత్ర పుస్తకం వెయ్యాల్సిందే, లేకపోతే పరువు పోయినట్టే.

ఒకరోజు మెట్ల మీద బెండర్ ఒక అట్టపెట్టె మోసుకుంటూ గొణుక్కుంటున్నాడు. క్లబ్బు సమావేశాల పాత మినిట్స్ పుస్తకాలట. అంతా పాతకాలపు గొలుసుకట్టు రాత, ఇప్పటి జర్మన్లకే అంతుపట్టదు. రాజ్యశ్రీ మాస్కు సర్దుకుని, ఒకసారి చూడొచ్చా అని అడిగింది. ఆయన నవ్వి పెట్టె చేతిలో పెట్టాడు. ఈ అమ్మాయి ఏం చదువుతుందిలే, నాలుగు తేదీలు ఏరిస్తే చాలనుకున్నాడు.

ఆమె పట్టిన పద్ధతి ఇది. ఒక పాత టీము ఫోటో కింద ఆటగాళ్ళ పేర్లు అచ్చులో ఉన్నాయి. అవే పేర్లు మినిట్స్‌లో ఎక్కడున్నాయో వెతికి, ఒక్కో అక్షరం విడదీసి, సూపర్‌మార్కెట్ కరపత్రాల వెనక పట్టిక రాసుకుంది. ఇక్కడికొచ్చాక నేర్చుకున్న జర్మన్ తోడై, మూడు వారాలకి వాక్యాలు చదివింది. ఆరు నెలలకి నూరేళ్ళ క్లబ్బులో సగం ఆమె నోట్లో ఉంది. "విక్రాంత్, ఇరవై నాలుగులో బంతి కొనేదానికి లేక మూడు మ్యాచులు ఆపేసినారంట" అని అన్నం పెడుతూ చెప్పేది. గోల్‌కీపర్ లియోపోల్డ్ హిర్ష్ అంటే ఆమెకి ఎంత ఇష్టమో. క్లబ్బు పెట్టిన తొమ్మిది మందిలో ఒకడు. మైదానం తాళంచెవి అతని దగ్గరే ఉండేది, అందరికంటే ముందు వచ్చి గీతలు గీసేవాడు. మా ఇంట్లో మాట్లాడుకోవడానికి బయటి మనిషి అతనొక్కడే అయ్యాడు.

తర్వాత ఒకరోజు ఆమె అన్నం తినలేదు. పుస్తకం నా లాప్‌టాప్ మీద పెట్టి, అక్షరాల కింద వేలు పెట్టి చదివింది. 1933 ఏప్రిల్ పన్నెండు, సర్వసభ్య సమావేశం. నాలుగో అంశం: యూదుడైనందున హిర్ష్ పేరు జాబితా నుంచి కొట్టివేయడమైనది. జెర్సీ, తాళంచెవి వెనక్కి తీసుకోవాలి. ఏకగ్రీవం. ఐదో అంశం: గోలుకి కొత్త వల. రాసినవాడు కార్యదర్శి హైన్రిష్ బెండర్. మా ఓనరుకి తాత.

"రాయడానికి చెయ్యెట్లా వచ్చిందో" అంది. ఏడ్చింది కూడా. నేను చెయ్యి పట్టుకోలేదు, రెండు నిమిషాల్లో కాల్ ఉంది.

ఆమె నూరేళ్ళ పుస్తకం కోసం అదంతా ఉన్నదున్నట్టు రాసి ఇచ్చింది. బెండర్ తిరిగి పంపిన ప్రతిలో ఒకే వాక్యం ఉంది: 1933లో హిర్ష్ క్లబ్బు విడిచి వెళ్ళారు. అడిగితే, పండగ పుస్తకంలో ఇవన్నీ ఎందుకన్నాడు. మర్నాడు నన్ను గరాజు దగ్గర ఆపి, తన కొడుకు బెర్లిన్ నుంచి వచ్చేయాలనుకుంటున్నాడనీ, ఐగెన్‌బెడార్ఫ్ గురించి ఆలోచిస్తున్నాననీ నెమ్మదిగా చెప్పాడు. అంటే ఇల్లు సొంతానికి కావాలి, ఖాళీ చెయ్యండి అని. ఆఫీసులో సగం పనిగంటలు కోశారు, బ్లూ కార్డు వీసా రెన్యువల్‌కి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడం లేదు, కరోనాలో ఇల్లు చూపించే నాథుడే లేడు.

2021 మార్చిలో క్లబ్బు వార్షిక సమావేశం ఆన్‌లైన్లో పెట్టారు. దాన్ని నడిపే పని, ఐటీ వాడినని, నాకే అప్పగించారు. ఏటా ఆ సమావేశంలో పాత పుస్తకంలోంచి ఒక పేజీ పైకి చదవడం వాళ్ళ ఆనవాయితీ. ఈసారి రాజ్యశ్రీ చదవాలి, క్లబ్బు పుట్టిన రోజు పేజీ.

శనివారం బట్టలు మడుస్తూ ఆమె చెప్పింది. "నేను ముప్ఫై మూడు చదువుతా."

"ఇల్లు పోతుంది. అర్థమవుతోందా నీకు?"

"పోతే ఇంకోటి చూసుకుందాం."

"ఎక్కడ చూస్తావ్? ఎవడిస్తాడు మనకి?"

"పుస్తకంలో ఎట్లాగూ వెయ్యరు. ఒక్కసారి ఆ నలభై మందన్నా వినల్ల కదప్పా. ఈ ఊళ్ళో ఆ పేజీ చదివేదానికి నేను తప్ప ఎవురున్నారు?"

నేను లాప్‌టాప్ వైపు తిరిగాను. ఒప్పుకున్నాననుకుంది.

ఆదివారం పదకొండు గంటలకి ఇద్దరం నా లాప్‌టాప్ ముందు పక్కపక్కన కూర్చున్నాం. తెర మీద నలభై ఒక్క ముఖాలు. బెండర్ ఆమె పేరు తప్పుగా పలికి, చదవమన్నాడు. ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తల వంచింది. ఆ రాత అక్షరం అక్షరం వేలితో పట్టుకుంటే తప్ప చదవలేం, తల ఎత్తడానికి వీల్లేదు. "పన్నెండు ఏప్రిల్, పంతొమ్మిది వందల ముప్ఫై మూడు" అని జర్మన్లో మొదలుపెట్టింది. బెండర్ ముఖం మారడం చూశాను. నా వేలు మైకు ఆపే బటన్ నొక్కింది. నా వేలని ఎందుకంటున్నాను, నేనే నొక్కాను.

ఆమె చదువుతూనే ఉంది. ఒక్క తప్పు లేదు. తెర మీద కొందరు చెవి చూపించి చేతులు ఊపారు, ఎవరో మాట రావట్లేదని చాట్‌లో రాశారు. నేను కదల్లేదు. ఏకగ్రీవం అనే మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, కొత్త వల సంగతి కూడా చదివి పుస్తకం మూసింది. నేను మైకు తెరిచాను. బెండర్ నా వైపే చూస్తూ "ఫీలెన్ డాంక్" అని థాంక్స్ చెప్పి తర్వాతి అంశానికి వెళ్ళాడు.

"ఎవురూ ఏమీ అనలేదేం?" అని నెమ్మదిగా అడిగింది.

"సిగ్గేసి ఉంటుంది" అన్నాను.

ఆమె తలూపింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి అమ్మకి ఫోన్ చేసింది. "నలభై మంది ముందర చదివేసినా మా. ఒక్కరు కిక్కురుమనలేదు. విన్నారు, చాలు." ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఈషా వేలు చూపించబోతే దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. నాకు కాఫీ తెచ్చిచ్చి, "థాంక్స్ విక్రాంత్, నువ్వు ఆపుతావేమోనని భయపడినా" అంది.

కాఫీ తాగాను. ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్నాం.