అందరికీ ఒకటే బల్ల

మా సర్కారు దవాఖాన ల్యాబ్ మేడం సోమవారం గుండెపోటుతో పోయారు. విమానాశ్రయంలో నేను పనిచేసే పుస్తకాల దుకాణంలో ఉండగా ఫోనుకు కబురొచ్చింది. ఆమెకిచ్చిన మాట నేను రెండేళ్లుగా నిలబెట్టుకోలేదు.

ఆ ల్యాబ్ ముందు ఒకప్పుడు రెండు బల్లలుండేవట. ఒకటి మామూలు పరీక్షలకు, ఒకటి హెచ్ఐవీ పరీక్షకు. రెండో దాని మీద మా వయసువాళ్లెవరూ కూర్చునేవారు కాదు. కూర్చుంటే సాయంత్రానికి పక్కూరు పాల్మాకుల దాకా తెలిసిపోయేది. మేడం ఒకనాడు ఆ బల్లను లోపలికి లాగించి, దాని మీద డబ్బాలు పేర్చేశారు. అప్పటినుంచి షుగరుకు, థైరాయిడ్‌కు, హెచ్ఐవీకి బయట ఒకటే బల్ల. ఎవరు దేనికొచ్చారో పక్కవాళ్లకు తెలియదు.

రెండేళ్ల కింద నేను వెళ్లింది ఉద్యోగం కార్డు మీద రాయాల్సిన బ్లడ్ గ్రూప్ కోసం. మేడం తలుపు వేసి అడిగారు.

"బిడ్డా, హెచ్ఐవీ గూడ చూడాల్నా? వద్దంటే వద్దు. నీ ఇష్టం."

"నాకెందుకు మేడం? నేను కాన్వెంట్‌ల చదువుకున్న."

"అయితే రక్తానికి గూడ యూనిఫాం ఏసిన్రా?"

నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఏడాదిగా దాచింది చెప్పేశాను. జాతరలో మా వీధి స్నేహితురాళ్లు ముగ్గురితో కలిసి పచ్చబొట్టు వేయించుకున్నాను. నలుగురికీ ఒకటే సూది. అలా హెచ్ఐవీ రావచ్చని తర్వాత ఎక్కడో చదివి భయపడ్డాను. చదవడం నాకు అలవాటు, అడగడం కాదు.

"ఉంటే మందులున్నయి, మంచిగ బతుకుతరు. లేకుంటే నిద్ర పడతది. ఎట్లయినా పరేషాన్ తగ్గుతది" అన్నారు. సరేనని చెయ్యి చాపాను.

మీలో ఎవరికైనా ఆమె సూది గుచ్చి ఉంటే గుర్తుండే ఉంటుంది. పొద్దున ఏం తిన్నావని అడిగేవారు. ఉప్మా అని చెప్పేలోపు రక్తం తీసేయడం అయిపోయేది.

అరగంటకు కాగితం నాకే ఇచ్చి చదువుకోమన్నారు. హెచ్ఐవీ లేదని ఉంది. మూడుసార్లు మనసులో, నాలుగోసారి పైకి చదివాను. ఏ పుస్తకమూ అంత ఆనందంగా చదవలేదు.

"మరి ఆ ముగ్గురు?"

"తీసుకొస్త మేడం."

తీసుకురాలేదు. ఆ జబ్బు పేరెత్తడానికే నోరు రాలేదు. తర్వాత ఎక్కడ కనబడినా మేడం గద్దించలేదు. "ఏమాయె బిడ్డా, వాళ్లది వేరే సూదా?" అనేవారు, అంతే.

ఆమె పోయిన మర్నాడు ముగ్గురినీ మా మేడ మీదికి పిలిచి చెప్పేశాను.

"ఇన్నొద్దులు కడుపుల పెట్టుకున్నవా? చదివి చదివి దిమాక్ ఖరాబైందే నీకు!" అని ఒకామె తిట్టింది. ఇంకొకామె అప్పటికే సెలవు కోసం ఫోన్ చేస్తోంది.

ఈ గురువారం వెళ్లాం. తోడుగా నేనూ మళ్లీ రక్తం ఇచ్చాను. మేడం కుర్చీలో కొత్త అమ్మాయి కూర్చుని ఉంది. అరగంట ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నలుగురికీ లేదనే వచ్చింది! షేర్ ఆటో ఎక్కాక కూడా మోచేతి మడతల్లోని దూది తీసేయడం మరిచిపోయి, ఒకరి మీద ఒకరం పడి నవ్వుతున్నాం. డ్రైవరు అద్దంలో చూశాడు.

"ఏందమ్మా, నలుగురు చేతులు మడ్సుకున్నరు?"

అందరికంటే ముందు నా గొంతే లేచింది. "హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నం అన్నా. నువ్వు చేయించుకున్నవా?"

మలుపు దాటాక ఆటో కొంచెం నెమ్మదైంది.

"సూది నొప్పైతదా అక్కా?"

నలుగురం మోచేతులు విప్పి, దూది మీది చిన్న చిన్న ఎర్రచుక్కలు అద్దంలోకి చూపించాం.